బూడిద అంటిన గింజలు

డెబ్బైల చివర్లో విశాఖలో రీసెర్చి చేసేదాన్ని. అరకు వైపు పండే కొండ చిక్కుడు గింజల్లోంచి ఒక ప్రోటీన్‌ని విడదీయడం నా పని. నిలువుగా బిగించిన గాజుగొట్టంలో తెల్లటి సెల్యులోజ్ పొడి నింపుతాం. దానికి ధనావేశం ఉంటుంది. గింజల రసం పోస్తే ఋణావేశమున్న ప్రోటీన్లు దాన్ని పట్టుకుని ఆగిపోతాయి. తర్వాత ఉప్పునీళ్లు గాఢత పెంచుతూ పోస్తే, పట్టు తక్కువున్నది ముందు, గట్టిగా పట్టుకున్నది తర్వాత, ఒక్కొక్కటే వదిలి కిందికి దిగుతాయి. చెప్పడానికి ఇంతే.

నా దగ్గర ఒక్కటీ ఆగలేదు. పోసిన రసం పోసినట్టే కారిపోయింది. పొడి మార్చాను, మళ్లీ చేశాను, ఏడ్చాను. తెచ్చుకున్న గింజలు అయిపోయాయి. ఫెలోషిప్ ఆ వర్షాకాలంతో ఆఖరు. వేరే దారి చూసుకోమని ప్రొఫెసర్ గారు మెల్లగానే అన్నారు గానీ నాకు ఒళ్లు మండిపోయింది. తప్పంతా గింజలదేనని తేల్చుకుని, సంతలో వాటిని నాకు అమ్మినావిడ మీద కోపంతో అరకు మీదుగా పోయే కిరండూల్ పాసింజరెక్కాను.

ఆమె అరకు దగ్గర కొండ వాలులో సేద్యం చేసే మనిషి, నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. అప్పా అని పిలిచేదాన్ని; మా వైపు అక్కని అలాగే అంటాం. ఇంటికి వెళ్లి, పుచ్చు గింజలు అంటగట్టావా అని దబాయించాను. ఆమె నొచ్చుకోలేదు. కూర్చోబెట్టి, చోడి అంబలి పోసి, గింజల్ని ఏం చేశానో మొదటినుంచీ చెప్పమంది. కడిగితే నాకు కావలసిన సారం నీళ్లలో పోతుందేమోనని, ఉన్నవున్నట్టే రుబ్బానని చెప్పాను.

"కడగనేదా? పురుగట్టకుండా పొయ్యి బూడిద కలిపి దాస్తాం గుంటా. ఆ తెల్లగున్నది ఏటనుకున్నావు?"

మట్టి అనుకున్నాను. బూడిద నిండా లవణాలే. రసంలో ఉప్పు తీసేసే డయాలసిస్ సంచులు ల్యాబులో అయిపోతే, అవి లేకపోతే ఏమైందిలే అని ఆ పనీ వదిలేశాను. చివర్లో ప్రోటీన్లను వదిలించాల్సిన ఉప్పుని మొదట్లోనే నా చేత్తో నేనే కలిపాక, ఇక అవి దేన్ని పట్టుకుంటాయి? సిగ్గుతో తలెత్తలేకపోయాను.

అప్పటికి తొలకరి పడింది. ఆమె దగ్గర మిగిలింది విత్తనాల కుండ ఒక్కటే. అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమే కుండ దించి, చేటలో పోసి, సగం నా సంచిలో వేసింది. వద్దన్నాను గానీ గట్టిగా అనలేదు. ఆ సంగతి ఒప్పుకోవాలి.

ఈసారి గింజలు మూడుసార్లు కడిగాను. ప్రొఫెసర్ గారు ఎక్కడో బతిమాలి సంచులు తెప్పించారు. ప్రోటీన్లు ఆగాయి. ఉప్పు పెంచుతూ పోతే నాకు కావలసింది వేరుగా, శుభ్రంగా దిగింది. తర్వాత నాకొచ్చిన డిగ్రీ, ఉద్యోగం, ఇవాళ తింటున్న అన్నం అన్నీ ఆ నాలుగు చుక్కల చలవే.

ఆ చలికాలం ఆమెకు చెప్పడానికి వెళ్లాను. కొండ వాలులో చిక్కుడు సగం మేరకే పాకి ఉంది. మిగతా సగం ఖాళీ. ఏమైందని అడిగాను.

"ఆ సగం నువ్వు సదివేసినావు గదేటి," అంది నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. ఆమె చేతులు రెండూ పట్టుకుని అక్కడే ఏడ్చేశాను.