నాన్న గీకిన పగడాలు

నాన్న కోల్‌కతా గార్డెన్ రీచ్ షిప్‌యార్డులో ముప్ఫై ఏళ్లు ఓడల అడుగులు గీకాడు. ఓడని నీళ్లలోంచి తీసి నిలబెడితే, దాని పొట్టకి పట్టిన గుల్లల్ని ఇనప బద్దతో ఊడగొట్టడం ఆయన పని. గుల్ల కనిపిస్తే చాలు, ఆయనకి ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. అలాంటి మనిషిని పగడపు దిబ్బలు చూపిస్తానని అండమాన్ తీసుకెళ్లాను. సాల్ట్ లేక్ ఆఫీసులో సెలవు పెట్టి మరీ. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మమ్మల్ని చిన్న దీవికి చేర్చిన పడవవాడు కూడా మా శ్రీకాకుళం వైపు మనిషే. దారిలోనే వరసలు కలిపేసి నాన్నని మావా అన్నాడు. మేం దిగేసరికి సముద్రం వెనక్కి తగ్గి ఉంది. మోకాలిలోతు నీళ్లలో, రాళ్లకి గుల్లల్లా పట్టుకుని ఊదా, పసుపు రంగుల్లో పగడాలు. నేను ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటుంటే వెనక టకటకమని చప్పుడు.

నాన్న! పడవలో పడున్న ఇనప ఊచ తీసుకుని పగడాల్ని చితక్కొడుతున్నాడు. ముక్కలు ఎగిరి మొహానికి తగులుతున్నాయి, పిక్కలు కోసుకుపోయి నీళ్లు ఎర్రబడ్డాయి, అయినా ఆపడు. ముప్ఫై ఏళ్ల కసి అది. నేను నవ్వాను. సిగ్గులేకుండా పగలబడి నవ్వాను.

పడవవాడు పడుతూ లేస్తూ వచ్చి నాన్న చెంప పగలగొట్టాడు. ఇవి చూడ్డానికే జనం వస్తారని, ఇవి పోతే తన పొయ్యిలో పిల్లి లేవదని అరిచాడు. నాన్న ఊచ వదిలేసి తలొంచుకున్నాడు. అక్కడితో అయిపోయేదే. నాకు మాత్రం కళ్లు బైర్లు కమ్మాయి. పడవలోంచి తెడ్డు లాక్కుని అతన్ని కొట్టాను. తల కాపాడుకోబోయి అతను చెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు పుటుక్కుమంది. కిందపడ్డాక కూడా మరో రెండు వేశాను. నాన్న నా జుట్టు పట్టి లాగి ముక్కు మీద గుద్దితేగానీ ఆగలేదు.

తిరుగుదారిలో తెడ్డు నాన్నే వేశాడు. ఆస్పత్రి గుమ్మంలో నన్ను ఆపేశాడు.

"ఆడి కూడు మీద నాను సెయ్యేసినాను. ఆడు నన్ను కొట్టినాడు. సరిపోనాది. మజ్జిన నువ్వెవడివిరా?"

చెయ్యి అతుక్కునేదాకా అతని పడవ తనే నడుపుతానని అక్కడే ఉండిపోయాడు. నన్ను పొమ్మన్నాడు.

కోల్‌కతాలో దిగి తిన్నగా గార్డెన్ రీచ్ ఇంటికి వెళ్లాను. తలుపు తీసిన అమ్మ నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. కంచం ముందు కూర్చుని జరిగిందంతా చెప్పాను. నాన్నకి దెబ్బ తగిలిన సంగతి రెండుసార్లు చెప్పాను. అమ్మ వడ్డిస్తూనే వింది. పడవవాడికి ఏ చెయ్యి విరిగిందని అడిగింది. కుడిది అన్నాను.

"మరి ఆడికి అన్నం ఎవులు కలిపెడతన్నారు?" అంది.

 అది అక్కడ అడగాలని కూడా నాకు తోచలేదు.