మార్నా నిలబడ్డ వరుస

మార్నా క్రిస్టిచ్‌ది బ్యూట్. అమెరికాలో మా మోంటానా రాష్ట్రంలో ఆ ఒక్క మాట చెబితే చాలు, ఎదుటివాళ్లు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటారు. రాగి గనుల ఊరు. తాత గనిలోకి దిగినవాడు. తండ్రి యూనియన్ సభల్లో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. తల్లి డార్లీన్‌కు జుట్టు కత్తిరించే షాపు ఉంది, ఊళ్లో ఎవరి తలలో ఏముందో ఆవిడకు తెలుసు. ఆ ఇంట్లో భోజనాల దగ్గర నోరెత్తనివాడికి రెండో మాంసం ముక్క అందేది కాదు.

ఆ పిల్ల లా చదివి మా యూనివర్సిటీ పరిశోధన సెంటర్‌లో ఫెలోగా చేరింది. రాష్ట్రాల రాజ్యాంగాల మీదా, రాష్ట్రస్థాయి ప్రజాస్వామ్యం మీదా రెండేళ్ల పరిశోధన. మొదటి ఏడాది ఖాయం, రెండోది డైరెక్టరు చేతిలో.

దేశ రాజ్యాంగం అనగానే మావాళ్లు గుండె మీద చెయ్యి వేసుకుంటారు. రాష్ట్రానికీ ఒకటుందంటే సగంమంది ‘అవునా’ అంటారు. బడి ఎవరు నడపాలి, వాగులో నీళ్లు ఎవరివి, సంతకాలు పోగుచేసి జనమే చట్టం చేసుకోవచ్చా, ఇవన్నీ తేలేది ఇందులోనే. పెద్దది పటం కట్టి గోడకు తగిలించిన దేవుడైతే ఇది వంటింట్లో పొయ్యి. పటానికి దండలు వేసేవాళ్లు చాలామంది. మార్నా పొయ్యి దగ్గర పనిచేసేది.

ఆ చలికాలం రాజధాని హెలీనాలో శాసనసభ కూర్చుంది. దాని రెండు సభల్లో ఒకటైన సెనేట్‌లో ఓ బిల్లు వచ్చింది. జనం ఏదైనా చట్టం కోరాలంటే ఇకమీదట రాష్ట్రంలో ప్రతి కౌంటీ నుంచీ, అంటే ప్రతి జిల్లా నుంచీ, సంతకాలు తేవాలి. ఒక్క కౌంటీ తల అడ్డంగా ఊపినా అంతే సంగతులు. ఇలాంటి నియమం పెట్టినచోట్ల ఏం జరిగిందన్నదే ఏడాదిగా మార్నా చదువుతున్నది.

“విచారణకు వెళ్లు, కాని సమాచార సాక్షిగానే వెళ్లు,” అన్నాడు డైరెక్టరు లొవెల్ హెగ్‌స్టాడ్.

బిల్లు మీద కమిటీ జనం మాట వినే మా విచారణల్లో అనుకూలురది ఒక వరుస, వ్యతిరేకులది ఒక వరుస. ఎవరైనా లేచి పేరూ ఊరూ చెప్పి, అనదలచింది అనేసి పోవచ్చు. సమాచార సాక్షి మాత్రం అడిగితేనే నోరు విప్పాలి.

“అడక్కపోతే?”

“అడుగుతార్లే. నిపుణురాలివి.”

“గోడమీద పిల్లిలా కూర్చోమంటారు, అంతేగా.”

“పిల్లులకు ఎప్పుడూ ఏమీ కాదు మార్నా. మన సెంటర్‌ని పోషించేది ఆ సభే. నీ రెండో ఏడాదిని కూడా.”

విచారణ గది కిక్కిరిసింది. ఒళ్లో కోట్లు, బూట్ల నుంచి కరిగి కారుతున్న మంచు. అనుకూలురు ఒకరి తర్వాత ఒకరు లేచి, ఈ నియమంతో చిన్న ఊళ్లకు గొంతు వస్తుందన్నారు. తర్వాత కమిటీ చైర్మన్ డెంగెల్ గడియారం చూసుకున్నాడు. “ఇవాళ బిల్లులెక్కువ. సభ్యుల ప్రశ్నలుండవు. సమాచార సాక్షులెవరైనా ఉంటే ఒకసారి లేచి కనబడండి, చాలు. ఇక వ్యతిరేకులు రండి.”

మార్నా లేచింది. కనబడి కూర్చోలేదు. వెళ్లి వ్యతిరేకుల వరుసలో, ఓ బీట్‌దుంపల రైతు వెనక నిలబడింది.

“మార్నా క్రిస్టిచ్. బ్యూట్. వ్యతిరేకం.”

“నీ పేరు సమాచార సాక్షుల్లో ఉంది కదమ్మా,” అన్నాడు చైర్మన్.

“ఉందండీ. నేను కనబడ్డానికి రాలేదు.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

“యూనివర్సిటీ తరఫునా?”

“కాదు. యూనివర్సిటీకి ఇవాళ గొంతు పట్టేసింది. నా తరఫున నేనొచ్చాను. చిన్న ఊళ్లకు గొంతు వస్తుందన్నారు. ఈ నియమం పెట్టినచోట అలా రాలేదండీ. ఏదో ఒక కౌంటీకి మాత్రం అందరి నోటికీ వేసే తాళం చిక్కింది. చిన్న ఊళ్లవాళ్లు తెచ్చిన అర్జీలు కూడా ఆ తాళం దగ్గరే ఆగిపోయాయి.”

చైర్మన్ బల్లమీద సుత్తి దెబ్బ పడింది. టైమైపోయింది.

నిండు మనసుతో చెప్పిన మాట ఓట్లను తిప్పుతుందని పౌరశాస్త్రం పుస్తకాలు చెబుతాయి. ఒక్క ఓటూ తిరగలేదు. బిల్లు కమిటీ దాటింది, ఆపైన సెనేటూ దాటింది. ఇక రెండో సభ మిగిలింది, అక్కడ మళ్లీ విచారణ.

లొవెల్ మార్నాని పిలిచి తలుపు వేశాడు. చెడ్డవాడు కాదు. భయస్థుడు, అందుకు మర్యాద అని పేరు పెట్టుకున్నాడు.

“కమిటీకి ఒక్క వాక్యం రాసిచ్చెయ్. పొరపాటున తప్పు వరుసలో నిలబడ్డానని.”

అది నమ్మశక్యంకాని సాకేం కాదు. మా విచారణల్లో తప్పు వరుసలో నిలబడటం మామూలే. తన వంతు వచ్చి మైకు ముందు నోరు తెరిచాక, ‘అయ్యో, నేను అటువైపు’ అని తలగోక్కునేవాళ్లు ప్రతి సమావేశంలోనూ ఉంటారు.

“ఎవరైనా నమ్ముతారు. ఒకసారి ఓ రిటైర్డ్ జడ్జి కూడా నిలబడ్డాడు,” అన్నాడు లొవెల్.

“మా అమ్మ నమ్మదు.”

“ఆవిడకెందుకు చెప్పడం?”

“నేను చెప్పడమెందుకు? ఆవిడ కుర్చీలో కూర్చున్న ప్రతి తలకీ ఈపాటికి తెలిసే ఉంటుంది.”

“రెండో ఏడాది పోతుంది మార్నా. నీ పుస్తకం సగంలో ఉంది.”

“ఆ సగం నాతోనే వస్తుంది. ఒక్కటి చెప్పండి లొవెల్. ఈ ఫెలోషిప్ దేనిమీద? రాష్ట్రంలో ప్రజాస్వామ్యం మీదే కదా? చదువుకో కాని ముట్టుకోకు అంటే, మరి దానికేం అంటువ్యాధా?”

లొవెల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఒక్క వాక్యం. నిన్ను కాపాడ్డానికే.”

“ఒక్క వాక్యమే పంపాను. రెండో సభలో విచారణ ఎప్పుడని అడుగుతూ.”

“ఎప్పుడు పంపావ్?”

“పొద్దున్నే. జవాబు కూడా వచ్చింది.”

కొన్నాళ్లకు నిధుల కొరత వల్ల రెండో ఏడాది పొడిగించలేకపోతున్నామని ఉత్తరం వచ్చింది. ఆ కొరత ఆమె ఒక్కదానికే తగిలింది. మిగతా ఫెలోలం మేం ఆమె పుస్తకాల పెట్టెలు మోసి, మా కుర్చీల్లోకి తిరిగొచ్చి కూర్చున్నాం. మార్నా బ్యూట్ వెళ్లింది. డార్లీన్ ఎవరికో జుట్టు కత్తిరిస్తోంది, చెయ్యి ఆపలేదు.

“ఉద్యోగం ఊడిందా?”

“ఊడింది.”

“విచారణెప్పుడు?”

“మంగళవారం.”

“మంగళవారం మిసెస్ హానిఫెన్‌కి జుట్టు రింగులు తిప్పాలి,” అంది డార్లీన్. “పర్లేదు, ఆవిణ్ణీ కారెక్కిద్దాం. ఆవిడ గొంతు నీ గొంతుకంటే పెద్దది.”