రెండు, అయిదు, ఒకటి

పియానో మాస్టారి చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిల్ ముక్క ఉంటుంది. కొత్త జాజ్ పాట చేతికొస్తే ఆయన వెంటనే వాయించడు. ఒక్కసారిగా మోగే స్వరాల గుత్తులన్నిటికీ అంకెలు వేసి, ఏ గుత్తి ఎక్కడికి పోతుందో బాణాలు గీస్తాడు. "రెండు, అయిదు, ఒకటి. ఒకటంటే ఇల్లు. ఇంటిదారి తెలిసినవాళ్ళే ఊరంతా తిరగాలి," అంటాడు. కూతురు శాక్సఫోన్ మెడలో వేసుకుని నిలబడ్డా సరే, ప్రతి గుత్తికీ ఆధారమైన అడుగు స్వరం నోటితో పాడి చూపించేదాకా ఊదనివ్వడు. "తప్పిపోతే పరిగెత్తకు. అడుగు స్వరం పట్టుకుని నిలబడు." ఈ మాట వినీ వినీ ఆ అమ్మాయి చెవులు చిల్లులు పడ్డాయి.

ఆ సాయంత్రం నిండు హాల్లో తండ్రీకూతుళ్ళిద్దరే వాయిస్తున్నారు. పాట నడుమ శ్రుతి మారే చోట ఆమె అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయి దారి తప్పింది. ముందు వరసలో ఎవరో దగ్గు ఆపుకున్నారు. తండ్రి వంక చూస్తే ఆయన తలెత్తలేదు. ఆయన మెడనరాలు బిగుసుకున్నాయి. ఎడమచేతి చిటికెనవేలు మాత్రం ఒకే అడుగు స్వరాన్ని మళ్ళీ మళ్ళీ కొడుతోంది. ఆమె దాన్ని అందుకుంది. అక్కణ్ణుంచి రెండు, అయిదు, ఒకటి. హాలంతా చప్పట్లు.

"బతికించావు నాన్నా. సమయానికి దారి చూపించావు," అంది తెర వెనక్కి రాగానే.

మాస్టారు పెన్సిల్ కోసం చెవి తడుముకున్నాడు. "దారా? నువ్వు ఊదేది వింటూ నేనే తప్పిపోయానమ్మా. నువ్వొస్తావని అక్కడే నిలబడ్డా."