ఏడో ముఠా

నంద్యాలలో సహాయ కార్మిక అధికారిగా నా మొదటి నియామకం పెళ్లయిన ఏడాది వేసవిలో. ఆళ్లగడ్డ కూడా నా పరిధిలోనే ఉండేది. పాప పుట్టాక రాజీనామా చేశాను. నాలుగేళ్ల ఉద్యోగంలో ఇప్పటికీ చిరాకు పుట్టించే ఫైలు ఒక్కటే, ఆళ్లగడ్డలోని ఒక హమాలీల సంఘానిది.

హమాలీలు ముఠాలుగా పనిచేస్తారు. ఏ లారీకి ఏ ముఠా ఎక్కాలో సంఘం వంతులు వేస్తుంది. అక్కడ ఏడు ముఠాలు. ఆరింటికి బియ్యం, పప్పులు. ఏడోదానికి ఎప్పుడూ ఎరువులు, సిమెంటే. ఏడో ముఠాలో అందరూ దళితులు. ఆ దుమ్ముకు దగ్గు, పగిలిన అరచేతులు. ఆ ముఠాలోని ఏసోబు, గోస్పాడు వైపు మనిషి, మూడుసార్లు అర్జీ పెట్టాడు. యజమానితో తగాదా అయితేనే మాకు వస్తుందని, సంఘంలో గొడవ మాకు రాదని మూడింటినీ మా ఆఫీసు తిప్పి పంపింది. నాలుగోది నా బల్ల మీదికి వచ్చింది.

సంఘం అధ్యక్షుడిని పిలిపించాను. రెండు వాయిదాలకు రాలేదు. మూడోసారి వంతుల రిజిస్టరు లేకుండా వచ్చాడు.

"మాకేం పట్టింపు లేదు మేడం. బియ్యం షావుకార్లే ఒప్పుకోరు."

ఒక బియ్యం షావుకారును అడిగితే, "బస్తా దిగితే చాలమ్మా, ఎవురు మోస్తే నాకేంటికి?" అన్నాడు. అదే రాసిమ్మన్నాను. "రాసిస్తే రేపు నా లారీ దించేదెవురు?"

తర్వాతి వాయిదాలో అధ్యక్షుడి ఎదురుగానే ఏసోబు నవ్వాడు. "ఆ వడ్లు కోసింది మేమే మేడం. కోసేటప్పుడు లేని మైల బస్తాకెత్తినాక యాడ్నుంచి వచ్చింది?"

అధ్యక్షుడు ఫ్యాను వైపు చూశాడు.

చివరికి రాజీపత్రం రాయించాను. ఏడో ముఠాకు వారంలో రెండు రోజులు బియ్యం వంతు. అధ్యక్షుడు సంతకం చేశాడు, నేనూ చేశాను. ఏసోబు అంతా చదివి కలం కింద పెట్టాడు.

"ఏందప్పా, ఇస్తాంటే గూడా వద్దంటావు?" అన్నాడు అధ్యక్షుడు.

"నేనడిగింది ఇది కాదన్నా." ఏసోబు నా వైపు తిరిగాడు. "ఇన్నాళ్లూ మమ్మల్ని వేరని నోటితో అంటాండ్రి మేడం. ఇప్పుడు మీరు రాసి సీలేసినారు."

నాకు కోపమే వచ్చింది. సాయంత్రం ఫైలు మళ్లీ తీశాను. మర్నాడు ఆ పత్రం రద్దు చేసి, విచారణ మొదటి నుంచి పెట్టాను. నేను మానేసేనాటికి రెండు ముఠాల్లో ఏడో ముఠా మనుషులను కలిపారు. మిగతావి వాయిదాల్లోనే ఉన్నాయి.

పరిష్కారం రాసే ముందు అర్జీ పూర్తిగా చదవాలని ఆ ఫైలు నేర్పింది. నాలుగు అర్జీల్లోనూ మొదటి వాక్యం ఒక్కటే: ఏడో ముఠాను తీసేయండి. నేను రెండో వాక్యం నుంచి చదివాను.