కుర్చీలక్క కోపం

చిరిగిన కుర్చీ ఏది తెచ్చిచ్చినా కొత్త సీటు కుట్టి పంపుతుంది కాబట్టి వీధిలో అందరూ ఆమెను కుర్చీలక్క అంటారు. ముందు గదిలో పని, వెనక గదిలో కాపురం. పనిబల్ల మీద సుత్తి, వంకర సూది, రెక్సిన్ ముక్కల పక్కనే షుగరు చూసుకునే మీటరు ఉంటుంది.

ఆమెకు జబ్బులు రెండు. మొదటిది స్కిజోఫ్రేనియా, పాతికేళ్ళ వయసులో వచ్చింది. ఎవరూ లేనిచోట ఒక మగ గొంతు వినిపించేది. మందులతో అది పక్కింటి రేడియో అంత చిన్నదైంది గాని పూర్తిగా పోలేదు. "కుట్టు వంకర పోయింది" అంటుంది ఆ గొంతు అప్పుడప్పుడు.

"ఒక్కోసారి నిజమే చెప్తాడు వెధవ," అని నవ్వుతుంది ఆమె.

రెండోది షుగరు. మొదటి జబ్బు మందులకు ఆకలి పెరిగి, ఒళ్ళు పెరిగి, వాటి వెనకే ఇదీ వచ్చింది. చెమట, వణుకు, చిరాకు వస్తే అవి ఏ జబ్బు పనో పైకి చూసి చెప్పలేమని ఆమెకు మెల్లగా తెలిసివచ్చింది. ఏది తేడాగా అనిపించినా ముందు వేలు పొడుచుకుని షుగరు చూసుకుంటుంది.

ఆ మధ్యాహ్నం షుగరు మాత్ర వేసుకుని కంచం ముందు కూర్చోబోతుంటే సినిమా హాలు మేనేజరు ఫోను చేశాడు.

"మీకంత పని కుదరదని మీ అన్నయ్యగారు చెప్పారమ్మా. సాయంత్రం వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నాం."

హాలు సీట్లన్నీ మళ్ళీ కుట్టే పని. అంత పెద్ద పని ఆమె చేతికి రావడం అదే మొదలు. భోజనం సంగతి మరిచి అన్నయ్యకు ఫోను చేసింది.

అతను వచ్చేసరికి ఆమె సుత్తి పట్టుకుని గదంతా తిరుగుతోంది. జాకెట్టు తడిసిపోయింది.

"నా పని వద్దనడానికి నువ్వెవడివి?" మాట ముద్దముద్దగా వచ్చింది.

ఆమె ఎన్నడూ అతన్ని అలా అనలేదు. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మళ్ళీ మొదలైందా తల్లీ? అందుకే వాళ్ళకి వద్దన్నాను. అవసరమైతే వేసుకోమని డాక్టరిచ్చిన మాత్ర ఎక్కడుంది?"

ఆమె సుత్తి బల్ల మీద పెట్టింది. "ముందు మీటరు."

"అదెందుకిప్పుడు?"

"ఇది ఏ జబ్బో నీకూ తెలీదు, నాకూ తెలీదు. అందుకు."

వేలు పొడిచి చూస్తే యాభై రెండు, బాగా తక్కువ. పంచదార నీళ్ళు కలుపుకుని తాగి కూర్చుంది. తనూ కూర్చుందామని అన్నయ్య వెనక్కి చూసుకుంటే ఆ కుర్చీకి సీటు లేదు. నిలబడే ఉన్నాడు. చెమట ఆరాక ఆమె మళ్ళీ చూసుకుంది. తొంభై ఎనిమిది.

"హమ్మయ్య! షుగరు పడిపోయిందన్నమాట. అందుకా అంత కోపం!"

"ఇప్పుడు షుగరు బాగుందిగా?"

"బాగుంది."

"ఆ గొంతువాడూ నోరు మూసుకునే ఉన్నాడు. కోపం మాత్రం అలాగే ఉందన్నయ్యా. ఇది ఏ జబ్బూ కాదు. నన్నడక్కుండా నా పని పోగొట్టావు, దాని కోపం."

అతను సీటు లేని కుర్చీని పక్కకి జరిపాడు. "నిన్ను ఆస్పత్రిలో చూసినవాణ్ణి నేను. ఆ భయం నీకు తెలీదు."

"నా మందులూ, నా మీటరూ నేను చూసుకుంటున్నాను. నీ భయం నువ్వు చూసుకో." కంచం ముందుకు లాక్కుని ఫోను అతని వైపు తోసింది. "వద్దన్నది నువ్వేగా. నువ్వే చెప్పు."

అతను మేనేజరుతో నసిగాడు. "నేనే తొందరపడ్డానండీ... ఆరోగ్యమా?" చెల్లెలి వైపు చూశాడు. "పక్కనే ఉంది. తననే అడగండి."

ఆమె ముద్ద మింగి, ఎడమ చేత్తో ఫోను అందుకుంది.

"ఉన్నాయండీ, రెండు జబ్బులు. మందులు వాడుతున్నాను. పని చేస్తాను. ఒక్కో వరసా పంపండి. భోజనం వేళకి మాత్రం నాకు ఫోను చెయ్యకండి."

మొదటి వరస రేపు పంపుతానన్నాడు మేనేజరు.

"కోపం పోయిందా?" అన్నాడు అన్నయ్య.

"ఇంకా ఉంది. రేపొచ్చి బండిలోంచి సీట్లు దింపు, చూద్దాం."