తలుపు పడని ట్రెయిలర్

కెనడాలోని సార్నియాకి వచ్చిన కొత్తలో చరితని ఎక్కడ పని అడిగినా ముందు కారుందా అనేవారు. లేదు. బస్సు కోసం నిలబడితే క్లాసు సగం అయిపోయేది. అందుకని ఉంటున్న గదికి నడిచి వెళ్లగలిగే దూరంలో దొరికిన పనే పట్టుకుంది. అది క్యాంపర్ ట్రెయిలర్లు బాగుచేసే షెడ్డు. కారు వెనక తగిలించి లాక్కుపోయే ఇళ్లవి. లోపల మంచాలు, పొయ్యి, స్నానాల గది అన్నీ ఉంటాయి.

చరిత వాళ్లది హుజూరాబాద్. తండ్రి లింగయ్యది గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు. ఆమె సివిల్‌లో బీటెక్ చేసి, కెనడా కాలేజీల్లోకి మనవాళ్లు గుంపులుగా దిగుతున్న రోజుల్లో రెండేళ్ల కోర్సుకి వచ్చింది. షెడ్డులో మొదటి నాలుగు నెలలూ నేల ఊడ్పించారు, ట్రెయిలర్లు కడిగించారు. ఒకరోజు యజమాని ఒక ట్రెయిలర్ గోడకి మూడోసారి సీలెంట్ పూస్తుంటే చూసి, నీళ్లు కారడం గోడ తప్పు కాదనీ, కింద బరువు మోసే ఛాసిస్ వంగితే గోడ ఎన్నిసార్లు అతికినా విడిపోతూనే ఉంటుందనీ చెప్పింది. ఆ ముసలాయన కిందికి దూరి చాలాసేపు చూశాడు. మర్నాడు ఆమెకొక వెల్డింగ్ హెల్మెట్ ఇచ్చాడు.

2023 జూన్‌లో కోర్సు అయిపోయింది. థండర్ బేలో అలాంటి షెడ్డులోనే ఉద్యోగం వచ్చింది. అక్కడ పనిచేస్తే PRకి, అంటే శాశ్వత నివాసానికి, దారి ఉంది. అక్కడికి వెళ్లడమెలాగా అనుకుంటుంటే టొరంటో పక్కనున్న మిల్టన్ నుంచి, తెలిసినవాళ్ల ద్వారా పరిచయమైన కనకదుర్గ ఫోన్ చేసింది. కెనడాలో దిగిన మొదటి మూడు వారాలు చరిత వాళ్ల బేస్‌మెంట్‌లోనే ఉంది. తాము కొత్తగా కొన్న ట్రెయిలర్‌తో లేక్ సుపీరియర్ చుట్టిరావడానికి వెళ్తున్నామనీ, తమతో వస్తే థండర్ బేలో దింపుతామనీ, దారిలో వంటకి కాస్త సాయం చేస్తే చాలనీ చెప్పింది. చరిత బట్టల పెట్టెతో పాటు పనిముట్ల సంచీ కూడా తీసుకుని మిల్టన్ వెళ్లి వాళ్లతో బయల్దేరింది.

కనకదుర్గ భర్త కోదండరామ్‌ది గుంటూరు. తొమ్మిదేళ్లు టెక్సాస్‌లో ఉండి, గ్రీన్ కార్డ్ తెమలక ఇటు వచ్చి, బ్యాంకు ఐటీలో మేనేజరయ్యాడు. ఆ ఇరవయ్యారడుగుల ట్రెయిలర్‌ని ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. కొనేముందు కిందికి వంగి చూసినవాళ్లు లేరు. కారు మిల్టన్ దాటకముందే స్టూడెంట్ల మీద పడ్డాడు. ఒక్కో ఇంట్లో పదిహేనుమంది ఉంటారనీ, ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకుల ముందు వీడియోలు తీసుకుంటారనీ, వీళ్లవల్ల ఆఫీసులో తనని కూడా అదోలా చూస్తున్నారనీ అన్నాడు. అద్దంలో చరిత ముఖం చూస్తూ మరీ అన్నాడు. పదకొండేళ్ల కొడుకు తనీష్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. కనకదుర్గ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

రెండో రోజు పొద్దున సూ సేంట్ మేరీ క్యాంపులో ట్రెయిలర్ తలుపు పడలేదు. గడియ ఒక అంగుళం కిందికి తగులుతోంది. కోదండరామ్ రెండుసార్లు బలంగా బాది, చివరికి గడియ పట్టీ మరలు విప్పి కిందికి జరిపి బిగించాడు. తలుపు పడింది. మధ్యాహ్నం భోజనానికి ఆగేసరికి మళ్లీ పడలేదు. ఫ్రిజ్ ముందు నేల పాదం కింద మెత్తగా దిగుతోంది. బయట మూలల్లో అల్యూమినియం పట్టీ మరలు బయటికి తన్నుకొచ్చాయి. చరిత ఒక్కసారి కిందికి దూరి చూస్తానంటే, వంట చూడమన్నాడు.

వావా ఇంకా నలభై కిలోమీటర్లుందనగా ఒక పెట్రోల్ బంకు దగ్గర ఆగారు. సన్నగా వాన పడుతోంది. ఫోన్లకి సిగ్నల్ లేదు. కోదండరామ్ కాఫీకి లోపలికి వెళ్లగానే చరిత అట్టముక్క పరుచుకుని ట్రెయిలర్ కిందికి దూరింది. మొత్తం బరువును మోసేవి ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లే రెండు ఇనుప దూలాలు. కుడి దూలానికి, చక్రాల కుదుపును ఆపే కమాన్ కట్ట అతికిన చోటికి కొంచెం ముందు, అడుగు నుంచి సగం ఎత్తుదాకా పగులుంది. గుడ్డతో తుడిచింది. పాత పగులైతే పొడుగునా తుప్పుండాలి. దీని పై కొస వేలెడు మేర తళతళలాడుతోంది. అంటే అది ఇవాళ పెరిగిన పగులు. ఫొటో తీసుకుని బయటికొచ్చి అతనికి చూపించింది.

"అంకుల్, ఇది వావా దాకా పోదు. ఇక్కడనే ఆపాలె."

"నువ్వేమన్నా ఇంజినీరువా?"

"అవును అంకుల్. సివిల్ చేసిన. రెండేళ్ల సంది ఇదే పని చేస్తున్న."

కోదండరామ్ ఫోన్ ఆమె చేతిలోకి విసిరినట్టు తిరిగిచ్చాడు. "మూడు వారాలు మా బేస్‌మెంట్‌లో తిని పడుకున్నదానివి, నా బండికి వంకలు పెడుతున్నావా? మీ బ్యాచ్ దిగాకే ఇక్కడ మన పరువు పోయింది. ఎక్కితే ఎక్కు, లేకపోతే ఇక్కడే పడుండు."

"నేను ఎక్కను," అంది చరిత. కనకదుర్గ వైపు తిరిగి, "ఆంటీ, తనీష్‌ని గూడ ఎక్కించకండి," అంది.

విరిగితే ఏమవుతుందని కనకదుర్గ అడిగింది. ట్రెయిలర్ ముందు భాగం రోడ్డులోకి దిగబడుతుందనీ, ఆ వేగంలో కారు వెనక భాగాన్ని అది ఎటు లాగితే అటు కారు పోతుందనీ, ఈ రోడ్డుకి ఒక పక్క బండ, ఇంకో పక్క నీళ్లనీ చరిత చెప్పింది. కనకదుర్గ మొగుడి ముఖం చూడకుండా కారు తలుపు తీసి కొడుకుని దింపింది. అతను ముగ్గుర్నీ వానలో వదిలేసి బండి తీశాడు.

ఎంతో దూరం పోలేదు. బంకు దాటాక ఉన్న ఎత్తు సగం ఎక్కి, మలుపులో ఆగిపోయాడు. వీళ్లు నడిచి వెళ్లేసరికి ట్రెయిలర్ నడుము కుంగి ఉంది. గోడ మీద కొత్తగా ఒక ముడత లేచింది. కోదండరామ్ స్టీరింగ్ పట్టుకుని కూర్చునే ఉన్నాడు. అద్దం దించి, "నువ్వు కిందకి దూరి ఏదో కదిపావు," అన్నాడు.

ఆ క్షణాన చరితకి అతన్ని అక్కడే వదిలేసి పోవాలనిపించింది. కానీ బంకు నడిపే ఆవిడ లోపలున్న ల్యాండ్‌లైన్‌లో కనుక్కుంటే, టోయింగ్ ట్రక్కు ఇంకో యాక్సిడెంట్ మీద ఉంది, సాయంత్రానికీ నమ్మకం లేదన్నారు. ఆ మలుపులో లారీలు ట్రెయిలర్‌ని రాసుకున్నట్టే పోతున్నాయి.

బంకు ఆవిడ పాత బోర్డు తాలూకు రెండు ఎల్ ఆకారపు ఇనుప యాంగ్లర్లు, ఒక పెద్ద జాకీ ఇచ్చింది. చరిత చక్రాలకి అడ్డు పెట్టి, నీళ్ల ట్యాంకు మొత్తం ఖాళీ చేసింది. బియ్యం బస్తా, కుక్కర్లు, గ్రిల్లు, కుర్చీలు కనకదుర్గా తనీషూ మోసి రోడ్డు వారన పెట్టారు. తర్వాత పగులుకి కొంచెం ముందు జాకీ పెట్టి, ట్రెయిలర్ జారి మీద పడకుండా చెక్కదిమ్మలు పేర్చి, చరిత కిందికి దూరింది. జాకీ కొట్టడానికి కోదండరామ్ తప్ప ఎవరూ లేరు. కొట్టమంటే కొట్టాలి, ఆపమంటే ఆపాలి అని చెప్పింది. అతను కొట్టాడు. దూలం లేచింది, పగులు మెల్లగా మూసుకుంది. ఆపమంది. అతను ఇంకొకటి కొట్టాడు. పైన ఇనుము కిర్రుమంది. చరిత వెల్లకిలా జారి బయటికొచ్చింది.

"ఇంకోసారి ఆపమన్నప్పుడు ఆపకపోతే నేను దూరను. మీరే దూరండి," అంది.

అది పొరపాటో, కావాలని చేసిందో ఆమెకి ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత అతను చెప్పినట్టే చేశాడు. దూలానికి రెండు వైపులా యాంగ్లర్లు ఆనించి తన సంచీలోని ఆరు క్లాంపులు బిగించేసరికి ఆమె మోచేతులు దోక్కుపోయాయి. బంకు ఆవిడ కనకదుర్గనీ తనీష్‌నీ దింపిన సామాన్లనీ తన ట్రక్కులో ఎక్కించుకుని ముందు పోయింది. వెనక కోదండరామ్ హెచ్చరిక లైట్లు వేసుకుని గంటకి ముప్పై కిలోమీటర్ల వేగంతో నడిపాడు. కారులోనే ఉన్న చరిత నాలుగైదు కిలోమీటర్లకోసారి ఆపించి క్లాంపులు చూసి బిగించేది. మూడు గంటల పైన పట్టింది.

వావాలో వెల్డింగ్ షాపతను కిందికి వంగి చూసి, ఇది ఎవరు చేశారని అడిగాడు. "ఐ డిడ్," అన్నాడు కోదండరామ్. కనకదుర్గ విని, తనీష్‌ని తీసుకుని పక్కకి వెళ్లింది. వెల్డరు అతని చేతులు చూశాడు, చరిత మోచేతులు చూశాడు. పగులు ఎంత లోతుంది, ఎడమ దూలం కూడా చూశారా అని తర్వాతి ప్రశ్నలన్నీ ఆమెనే అడిగాడు.

పనికి రెండు రోజులు పడుతుందన్నాడు. ఈలోగా కోదండరామ్ చరిత పెట్టె తెచ్చి షాపు ముందు కంకర మీద పెట్టాడు. ట్రెయిలర్‌లో బరువు తగ్గించి సామానంతా ఇక కారులోనే సర్దాలి కాబట్టి చోటు లేదనీ, రేపు థండర్ బేకి బస్సుందనీ చెప్పాడు. కనకదుర్గ పులిహోర డబ్బా పట్టుకుని వెనకే వచ్చింది. చరిత దాన్ని అక్కడి బల్ల మీదే వదిలేసి మోటెల్‌కి నడిచింది.

వారం తిరక్కుండా నార్త్ యార్క్‌లో ఉండే స్నేహితురాలు రిషిత ఒక స్క్రీన్‌షాట్ పంపింది. చరిత కూడా ఉన్న మిల్టన్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపే అది. పనుల్లో పడి ఆమె చూడలేదు. జాలిపడి లిఫ్ట్ ఇస్తే ఒక స్టూడెంటు తన ట్రెయిలర్ పాడుచేసిందనీ, ఇలాంటివాళ్లని ఇళ్లలోకి రానివ్వద్దనీ కోదండరామ్ రాశాడు. కింద ముప్పైమంది దణ్ణాల, బొటనవేళ్ల ఎమోజీలు. చరిత నాలుగుసార్లు జవాబు రాసి చెరిపేసింది. చివరికి పగులు ఫొటో ఒక్కటే పెట్టింది. దాని మీద తీసిన తేదీ, టైము ఉన్నాయి; అది ట్రెయిలర్ కుంగకముందు టైము. పావుగంటలో ఆమెని గ్రూపులోంచి తీసేశారు.

ఏడాదిన్నర తర్వాత PR వచ్చింది. ఇప్పుడు థండర్ బే షెడ్డులో ఛాసిస్ పనులన్నీ ఆమెవే. ఆమె కింద ఇద్దరు పనిచేస్తున్నారు. మొన్న చలికాలంలో పని మధ్యలో కనకదుర్గ ఫోన్ చేసింది. ట్రెయిలర్ అమ్మేశామంది. కాసేపు వాతావరణం గురించి మాట్లాడింది. ఆ తర్వాత, "మీ అంకుల్ ఆ రోజు అన్నవి మనసులో పెట్టుకోకమ్మా," అంది.

"పెట్టుకున్న ఆంటీ," అంది చరిత. "తనీష్ మంచిగున్నడా?"

బాగున్నాడని చెప్పింది కనకదుర్గ. పనుందని చెప్పి చరిత ఫోన్ పెట్టేసి, మళ్లీ ట్రెయిలర్ కిందికి దూరింది.