చప్పుడు లేని దెబ్బ

బస్టాండుల్లో నేను ఎవరితోనూ మాట కలపను. కలిపితే ఇంటి సంగతులు అడుగుతారు. ఆ రోజు నర్సీపట్నం కాంప్లెక్సులో మాత్రం నేనే కలిపాను. పక్కన కూర్చున్న పెద్దావిడ మోకాలిమీద తాళం వేస్తూ రెండో ఎక్కం పాడుకుంటోంది.

నేను చూస్తున్నానని గమనించి నవ్వింది. "అలవాటైపోనాదండి. కొండమీద సిన్న బడి, నేనొక్కదాన్నే టీచర్ని. పాటా లెక్కా కలిపే సెప్తాను."

"మరి సున్నాని ఎలా చెప్తారండీ?"

ఆవిడ ఒక దెబ్బ వేసి, చెయ్యి వెల్లకిలా తిప్పింది. "దెబ్బేస్తే ఒకటి. ఇలా తిప్పితే సప్పుడుండదు కదండీ, అదే సున్నా."

ఒకసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరు, పదిలోంచి పది తీసేస్తే ఎంతని అడిగాడట. పిల్లలంతా నోరు మెదపకుండా చేతులు తిప్పారట. మళ్ళీ అడిగితే మళ్ళీ తిప్పారట.

"పిల్లలకి తీసివేతలు రావని రాసేసుకున్నారండి. నేను సెప్పేలోపే బేగి జీపెక్కీసినారు."

ఇద్దరం నవ్వుకున్నాం. అంతలో ఆవిడ ఎక్కాల్సిన చింతపల్లి బస్సు వచ్చింది. ఆవిడ ఎక్కి కూర్చున్నాక, కిటికీలోంచి సంచీ అందిస్తూ అడిగాను.

"ఈ ఏడు ఒకటో తరగతిలో ఎంతమంది చేరారండీ?"

వినపడలేదేమోనని మళ్ళీ అడగబోయాను. అప్పుడు చూశాను. కిటికీ అంచుమీద ఆవిడ చెయ్యి వెల్లకిలా తిరిగి ఉంది.

మొన్న పక్కవాటాలోకి కొత్తగా దిగినవాళ్ళు, ఇంట్లో నాతోపాటు ఇంకెంతమంది ఉంటారని అడిగారు. నోరు తెరిచేలోపే నా చెయ్యి తిరిగింది.